రత్నానికి నీళ్ళు పోసిన రోజులు

మా రత్నానికి నీళ్ళు పోసిన రోజులు తలుచుకుంటే ముందుగా నాకు పొగ వాసన గుర్తొస్తుంది. వానాకాలంలో తడిసిన కొబ్బరి డొక్కలు, ఆ పీచు తొక్కలు, ఒక పట్టాన అంటుకోవు. అంటుకున్నా మంట కన్నా పొగే ఎక్కువ. పెరట్లో నూతి పక్కన మూడు రాళ్ళ మీద ఇత్తడి కాగు పెట్టి, బేబి అక్క ఆ డొక్కల్ని ఒక్కొక్కటే ఎగదోస్తూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉండేది. నేను పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుంటే వాణ్ణి ఎత్తుకొచ్చి నా మోకాళ్ళ మీద పడుకోబెట్టేది. "నీళ్ళు చూసుకో దుర్గా, వేడెక్కువయ్యేయేమో," అని నాకు చెప్పి, మళ్ళీ తనే మోచెయ్యి ముంచి చూసేది. ఒళ్ళంతా శనగపిండి రాసి, ముక్కు సాగదీసి, వీపు మీద వెచ్చటి నీళ్ళు ధారగా పోస్తుంటే వాడు ఏడుపు మానేసి ఊ కొట్టేవాడు. ఎనిమిది గంటల బస్సుకి నేను వెళ్ళిపోవాలి. ఆ లోపు ఉన్న అరగంటా మా ముగ్గురిదీ. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ ఇంట్లో నేను ఏ పనినీ పనిగా అనుకోకుండా చేసిన అరగంట అదొక్కటే.

బేబి అక్క మా బావగారి భార్య. నా కన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. ఆ ఇంటికి కోడలై వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు. పిల్లల్లేరు. అంబాజీపేట దాటి కాలవ గట్టు దిగితే మా ఇల్లు. మామగారు పోయాక తోటా చేలూ బావగారు, అంటే వీరబాబుగారు, చూసుకునేవారు. మా ఆయన శ్యామ్ బాబు కొబ్బరికాయలు కొని లారీలకి ఎత్తించేవారు. అత్తయ్యగారు మంగాయమ్మగారు అరుగు మీద కూర్చుని అందరినీ చూసుకునేవారు. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని. రత్నానికి మూడో నెల వెళ్ళగానే, సెలవు అయిపోయింది రమ్మని స్కూలు నుంచి ఫోనొస్తే, "వెళ్ళు, నేను లేనూ?" అన్నది బేబి అక్కే. వాడి పాలసీసా, వాడి ఉయ్యాల, వాడి తడిబట్టలు అన్నీ ఆవిడ చేతి మీద నడిచేవి. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఆ రోజు వాడు కొత్తగా ఏం చేశాడో చెప్పడానికి గుమ్మంలో నిలబడి ఉండేది. నేను ఉద్యోగం చేస్తున్నానని అందరూ అనేవారు. ఆ ఉద్యోగంలో సగం చేసింది ఆవిడ అని ఎవరూ అనలేదు, నాతో సహా. బారసాల నాడు ఆవిడ వాణ్ణి ఉయ్యాల్లో వెయ్యబోతే మా పెద్ద ఆడపడుచు "నువ్వు కాస్త పక్కకుండు బేబీ," అంది. ఆవిడ పక్కకి జరిగి, వంటింట్లోకి వెళ్ళి, నలభై మందికి పులిహోర కలిపింది.

వాడికి నాలుగో నెల నడుస్తుండగా ఒకరోజు నీళ్ళు పోస్తూ వెల్లకిలా తిప్పాను. కాళ్ళ మధ్య ఎడమవైపు చదునుగా ఉంది. అంతకు ముందూ అలాగే ఉండి ఉంటుంది. కాని చూడటం వేరు, కంటబడటం వేరు. వేలితో తడిమి చూశాను. కుడివైపు చిన్న బఠాణీ గింజలా తగిలింది. ఎడమవైపు ఉత్త చర్మం. మరుసటి రోజూ అంతే.

నేను పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. బోర్డు మీద గుండె బొమ్మ, మూత్రపిండం బొమ్మ కళ్ళు మూసుకుని వెయ్యగలను. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి మాత్రం "ఇంటిదగ్గర చదువుకోండి, డౌట్లుంటే అడగండి," అనేదాన్ని. ఎవరూ అడిగేవారు కాదు. అడగరని నాకూ తెలుసు. వృషణం అనే మాట పుస్తకంలో వంద సార్లు చదివి ఉంటాను. ఒక్కసారి కూడా నోటితో అనలేదు. ఆ రోజు సాయంత్రం మా ఆయనకి ఎలా చెప్పాలో తెలియక, "బాబుకి అక్కడ ఒకవైపు లేదండి," అన్నాను.

"ఎక్కడ?"

"అక్కడేనండి."

ఆయనకి అర్థమైంది. ఫోన్ పక్కన పెట్టారు. "పుట్టినప్పుడే డాక్టరు ఏదో అన్నారులే. దిగుద్దన్నారు. చీటీలో రాసే ఉంటది చూడు."

బీరువాలో చీరల కింద ఆసుపత్రి కాగితం దొరికింది. చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. ఎడమ వృషణం సంచిలోకి దిగలేదనీ, ఆరు నెలలకి మళ్ళీ చూపించాలనీ. డాక్టరు ఆ మాట వరండాలో తండ్రికి చెప్పారట. లోపల మంచం మీద ఉన్న నాకు ఎవరూ చెప్పలేదు. "బాలింతవి, బెంగెట్టుకుంటావని చెప్పలేదు," అన్నారాయన. అప్పటికి నేను బాలింతను కాకుండా పోయి చాలా రోజులైందని నేను అనలేదు.

టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సు సువార్తమ్మగారికి చూపించాను. ఆవిడ చేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకుని, గజ్జల దగ్గర నుంచి కిందికి నెమ్మదిగా తడిమి చూసింది. "ఆయ్, ఎడంపక్క లేదండి. మీరేం కంగారుపడకండి. నూటికి ఇద్దరు ముగ్గురు మగపిల్లలకి ఇలా ఉంటది. కడుపులో తయారయ్యి కిందకి రావాలి కదండీ, దారిలో ఆగిపోద్ది. కొంతమందికి ఆరు నెలల్లోపు దానంతటదే వచ్చేస్తది. రాలేదనుకోండి, ఇంక రాదు. పిల్లల సర్జన్‌కి చూపించేసి, ఏడాది, ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించేయాలండి. పెద్దాడయ్యాక చూద్దామనుకోకూడదు." వాకిలి దాకా వచ్చి ఇంకో మాట కూడా చెప్పింది. "చలికి కొందరికి పైకి లాక్కుంటాయండి. వేడినీళ్ళు పోసి ఒళ్ళు సడలినప్పుడు చూడండి. అప్పుడు కిందకి దిగుతుంటే మాత్రం భయం లేదు."

ఇంట్లో ఆ మాట చెప్పాక నేను విన్నవి నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. "నువ్వు సైన్సు టీచరువి, నీకు మనిషిని చూస్తే జబ్బే కనిపిస్తది," అన్నారు మా ఆయన. "బయట ఎవరికీ చెప్పకు. రేపు సంబంధాలొచ్చేటప్పుడు ఇబ్బంది," అని కూడా అన్నారు. వాడికి అప్పటికింకా మెడ సరిగ్గా నిలబడలేదు. అత్తయ్యగారు నా మొహం చూడకుండా, "కడుపుతో ఉండి ఎనిమిదో నెల దాకా బస్సుల్లో తిరిగితే ఏది ఎక్కడుండాలో అక్కడుంటదా మరి," అన్నారు. అది కాదని నాకు తెలుసు. పుస్తకాల్లో చదివాను. అయినా ఆ రాత్రంతా ఆ బస్సు కుదుపులన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. తెలిసిన మనిషిని కూడా ఒక మాట ఎంత సులువుగా దోషిని చేసేస్తుందో అప్పుడు అర్థమైంది.

బేబి అక్క మాత్రం వాణ్ణి నా ఒళ్ళోంచి తీసుకుంది. "చూద్దాం దుర్గా. రోజూ చూద్దాం," అంది.

అలా మొదలైంది. కాగులో నీళ్ళు ఇదివరకటి కన్నా కొంచెం ముందే పెట్టేది. వాడి ఒళ్ళంతా ఎర్రగా వెచ్చబడి, కాళ్ళు వదులుగా వాల్చేశాక, ఇద్దరం వంగి చూసేవాళ్ళం. నేను తడిమి, "లేదక్కా," అంటే, ఆవిడ తన వేలితో చూసి, "రేపు చూద్దాం," అనేది. వాడు మా ఇద్దరి మొహాలూ చూసి నవ్వేవాడు. ఆ రోజుల్లో మాకు నవ్వూ వచ్చేది. ఊరంతా నిద్రలేచి పనులకి పోతుంటే, ఇద్దరు ఆడవాళ్ళు పొగలో కూర్చుని ఇంత వెతుకులాట. ఒకరోజు ఆవిడ అడిగింది. "అసలు అది ఎక్కడి నుంచి రావాలి? నాకేం తెలీదు, చెప్పవూ." నేను పొయ్యిలోంచి ఆరిన బొగ్గుముక్క తీసి, స్నానం రాయి మీద బొమ్మ వేశాను. ఇది కడుపు, ఇది గజ్జ, ఇది దారి, ఇది సంచి. ఇవి వృషణాలు. మొదటిసారి ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. వచ్చాక చూస్తే ఆకు, వేరు, గింజ లాంటి మాటే అది కూడా.

"రెండూ ఉండాలా?" అంది బేబి అక్క. "అందరికీనా?"

"అందరికీ అక్కా."

"దిగకపోతే?"

"చిన్నప్పుడే దింపించాలి. ఒకటే అయితే రెండోది పనిచేస్తుంది, పెద్ద ఇబ్బంది ఉండదంటారు. రెండూ లోపలే ఉండిపోతే పిల్లలు పుట్టడం కష్టం."

ఆవిడ చెంబు కింద పెట్టి, వంగి బొమ్మని మళ్ళీ చూసింది. తరవాత మంట చూడాలని లేచింది. నేను రాయి మీద నీళ్ళు పోసి బొమ్మ కడిగేశాను.

ఆవిడ ఆసుపత్రుల సంగతి నాకు తెలుసు. కాకినాడలో ఒకటి, రాజమండ్రిలో రెండు. పొట్టలోకి గొట్టం పెట్టి చూశారు. రంగు మందు ఎక్కించి ఫోటోలు తీశారు. నెలల తరబడి మాత్రలు మింగించారు. వాటికి ఒళ్ళు వచ్చింది, మొహం మీద మచ్చలొచ్చాయి. శనివారాలు, మంగళవారాలు, సోమవారాలు అన్నీ ఉపవాసాలే. ప్రతి డాక్టరూ ఆఖరికి ఒక మాట అనేవారట. "మీలో ఏమీ కనబడట్లేదమ్మా, ఒకసారి మీవారిని తీసుకురండి," అని. బావగారు వెళ్ళలేదు. "మా వంశంలో మగాళ్ళకి పరీక్షలేంటి," అన్నారు అత్తయ్యగారు. ఆ మాటతో అది అక్కడే ఆగిపోయింది.

రత్నానికి ఆరు నెలలు నిండాయి. ఎడమవైపు ఏమీ దిగలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యగారూ నేనూ వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాం. బేబి అక్క లోపల పిల్లాణ్ణి నిద్రపుచ్చుతోంది. కాకినాడలో పిల్లల సర్జన్ దగ్గర నంబరు తీసుకున్నానని చెప్పాను.

"పసికందు మీద కత్తి పెట్టిస్తావా?" అన్నారావిడ.

"చిన్న గాటేనంటండి. మర్నాడే ఇంటికి పంపించేస్తారంట."

"అవసరమేంటంట? మా పెద్దాడికీ చిన్నప్పుడు ఇంతే. ఇంకా నీ కొడుక్కి ఒకవైపన్నా ఉంది. వాడికి రెండువైపులా లేవు. కత్తులు పెట్టించేమా? ఎలా ఉన్నాడు వాడు దుక్కలాగ?"

ఆ మాట పూర్తయ్యాక ఆవిడ చేతులు ఆగాయి. నా చేతులూ ఆగాయి. ఆవిడ చింతపండు ముద్ద ఒకటి తీసుకుని, పిక్కలు లేనిదాన్ని మళ్ళీ విప్పి చూశారు. "తరవాత దిగి ఉంటాయి," అన్నారు నెమ్మదిగా. "నాకు తెలీదు. పెద్ద పిల్లాడయ్యాక తల్లి ఏం చూస్తది." అంతటితో లేచి లోపలికి వెళ్ళిపోయారు.

కాకినాడకి నేనూ మా ఆయనా వెళ్ళాం. సర్జన్ మా అమ్మ వయసున్న డాక్టరమ్మ. స్కాన్ అక్కర్లేదని, తన చెయ్యే చెబుతుందని, వాణ్ణి ఆడిస్తూ రెండు నిమిషాలు చూసింది. "ఇదిగో, గజ్జలో ఆగింది, చేతికి తగులుతోంది. కిందికి తెచ్చి కుట్టేస్తాం. నవంబరులో చేసేద్దాం," అంది. తండ్రికి గాని, తండ్రి వైపు వాళ్ళకి గాని ఇలా ఉండేదా అని అడిగింది. "లేదండి," అన్నారు మా ఆయన వెంటనే. ఆయనకి తెలిసి అన్నారో తెలియక అన్నారో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆయన ఫోనొచ్చి బయటికి వెళ్ళినప్పుడు నేను అడిగాను. "చిన్నప్పుడు రెండూ దిగలేదు, ఎవరూ ఏమీ చేయించలేదు. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. ఆయనకి ఏమవుతుందండి?"

ఆవిడ కళ్ళజోడు తీసింది. "పెళ్ళయిందా?"

"పన్నెండేళ్ళయింది."

"పిల్లలుండరు," అంది. "నూటికి తొంభై మందికి ఉండరు. దానికన్నా ముఖ్యం ఏంటంటే, లోపల ఉండిపోయినవాటిలో కాన్సర్ వచ్చే ప్రమాదం మిగతావాళ్ళ కన్నా ఎక్కువ. ఆయన్ని ఎవరికైనా చూపించమ్మా. ఆలస్యం చెయ్యకు."

ఆ రోజు నుంచి ఆపరేషన్ దాకా ఐదు వారాలు. ఆ ఐదు వారాలు నేను రోజూ పొద్దున్నే బేబి అక్క ఎదురుగా కూర్చుని, ఆవిడ కాచిన నీళ్ళు నా కొడుకు మీద పోశాను. చెప్పలేదు. చెబితే ఇల్లు రెండు ముక్కలవుతుందనుకున్నాను. ఆపరేషన్ అయ్యే దాకా అత్తయ్యగారు అడ్డుపడకుండా ఉంటే చాలనుకున్నాను. బావగారి పరువు నా చేతుల్లో ఉందనుకున్నాను. చెప్పాల్సింది బావగారే కదా అని కూడా అనుకున్నాను. ఆయనకి తెలియదా? తన ఒళ్ళు తనకి తెలియని మగవాడు ఉంటాడా? తెలిసీ ఆవిణ్ణి గొట్టాల కిందికి పంపించారు, ఉపవాసాలుంటే చూస్తూ ఊరుకున్నారు, పేరంటాల్లో గోడవారగా నిలబడితే చూస్తూ ఊరుకున్నారు. ఇదంతా బస్సు కిటికీ దగ్గర కూర్చుని అనుకునేదాన్ని. ఇల్లు చేరగానే మర్చిపోయినట్టు ఉండేదాన్ని. ఇంకో కారణం కూడా ఉంది, చాలా ఏళ్ళ దాకా నాకు నేనే ఒప్పుకోలేదు. ఈ సంగతి తెలిస్తే బేబి అక్క ఇంట్లో ఉండదేమో. ఆవిడ వెళ్ళిపోతే రత్నాన్ని ఎవరు చూస్తారు? నా ఉద్యోగం ఏమవుతుంది? మగవాళ్ళ మౌనాన్ని గురించి నేను ఎంతైనా చెప్పగలను. ఆ ఐదు వారాల మౌనం మాత్రం పూర్తిగా నాదే.

స్కూల్లో సెలవు అడిగితే ప్రిన్సిపాల్ గారు, "బాబుకి ఏం ఆపరేషన్ మేడమ్?" అన్నారు. హెర్నియా అన్నాను. "మగపిల్లలకి మామూలే. మూడు రోజులు చాలు కదా, సిలబస్ వెనకపడింది," అన్నారు. అబద్ధమైనా సరే, చెప్పుకోదగ్గ పేరున్న జబ్బు కాబట్టి మూడు రోజులు దొరికాయి.

ఆపరేషన్‌కి అత్తయ్యగారు రాలేదు. బేబి అక్క వచ్చింది. వాణ్ణి లోపలికి తీసుకెళ్ళిన ముప్పావుగంట ఆవిడ నా చెయ్యి వదల్లేదు. అంతా బాగా జరిగింది. గజ్జ దగ్గర అంగుళం గాటు, కింద ఇంకో చిన్న గాటు. మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి పట్టీ తీసి చూపించింది. "ఇప్పుడు రెండూ వాటి చోట్లో ఉన్నాయి. రెండు వారాలు చంకనెక్కించుకోకండి. వాడు పెద్దయ్యాక తనంతట తను నెలకోసారి తడిమి చూసుకోవడం నేర్పించండి." మా ఆయన మందులు తేవడానికి కిందికి వెళ్ళారు. రత్నం నిద్రపోతున్నాడు. వార్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంక ఆగలేకపోయాను.

"అక్కా, నీకొకటి చెప్పాలి," అన్నాను. అత్తయ్యగారు అన్న మాట చెప్పాను. డాక్టరమ్మ అన్న మాట చెప్పాను. ఆవిడ వాడి దుప్పటి అంచు సరిచేస్తూ వింది. ఆవిడ మొహంలో నేను భయపడ్డదేదీ కనబడలేదు.

"నాకు తెలుసు దుర్గా," అంది.

"ఎప్పుడు?"

"నువ్వు రాయి మీద బొమ్మేసి చూపించేవు చూడు, ఆ రోజు. రెండుండాలి, అందరికీ ఉండాలి అన్నావు. నేను ఇంకెవర్ని చూసేను చెప్పు? పన్నెండేళ్ళూ మగాళ్ళందరికీ అంతే అనుకున్నాను." వాడి మీద వాలిన ఈగని తోలింది. "ఆ రోజు ఆయన్ని అడిగేను. తల దించుకుని బయటికెళ్ళిపోయేరు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. దాంతో ఖాయమైంది. తరవాత మీ అత్తాకోడళ్ళు చింతపండు దగ్గర మాట్లాడుకున్నదీ విన్నాను. తలుపు వెనకాల వాణ్ణి జోకొడుతున్నాను కదా."

నేను వాడి మంచం అంచున కూర్చున్నాను.

"నువ్వు చెబుతావేమోనని చూసేను," అంది బేబి అక్క. "రోజూ నీళ్ళు కాస్తూ అనుకునేదాన్ని, ఇవాళ చెబుతుంది, ఇవాళ చెబుతుంది అని."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు ఇంత కాలం ఇంత బాధ ఉండేది కాదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు, అందరూ భోజనాల దగ్గర ఉండగా, బేబి అక్క మజ్జిగ గిన్నె కింద పెట్టి బావగారితో అంది. "డాక్టరు దగ్గర మీ పేరు రాయించేను. బుధవారం వెళ్ళండి. పిల్లల కోసం కాదు. ఆ వయసు దాటిపోయింది. మీ ప్రాణం కోసం." బావగారు విస్తరి ముందు నుంచి లేచిపోయారు. అత్తయ్యగారు "అన్నం దగ్గర ఏం మాటలివి," అన్నారు. బేబి అక్క ఎంగిలి తీసి, అరుగు కడిగి, అందరికీ మర్నాటికి పప్పు నానబోసి, పొద్దున్నే బస్సుకి రాజోలులో పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు రత్నాన్ని ఎత్తుకోకూడదు కాబట్టి మంచం మీద ఉన్న వాడి అరికాళ్ళు రెండూ కళ్ళకద్దుకుంది. ఎప్పుడొస్తావని నేను అడిగితే, "అత్తయ్యగారు తన నోటితో నిజం చెప్పిన రోజున," అంది.

ఆ బుధవారం బావగారు వెళ్ళలేదు. ఇంకో నెల తరవాత వెళ్ళారు, ఒక్కరే, ఎవరితోనూ చెప్పకుండా. రెండూ గజ్జల్లోనే ఉన్నాయన్నారు. ఒకటి పాడైందని తీసేశారు. కాన్సర్ ఇంకా రాలేదనీ, ఏటా చూపించుకోవాలనీ అన్నారు. ఆ కాగితాలు పట్టుకుని ఆయన తిన్నగా రాజోలు వెళ్ళారు. బేబి అక్క అన్నం పెట్టి, సాయంత్రం బస్సుకి పంపించేసింది.

ఉగాది ముందు ఒకరోజు అత్తయ్యగారు నన్ను పిలిచి, "రాజోలు తీసుకెళ్ళు," అన్నారు. బస్సులో దారంతా ఏమీ మాట్లాడలేదు. పి.గన్నవరం దాటాక మాత్రం, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు పుట్టేడు వాడు. మా అత్తగారితో చెప్పేను. నోరెత్తేవంటే వంశం పరువు పోద్దంది. మూసేను. మూసినదాన్ని తెరవడం మర్చిపోయేను." ముప్పై ఎనిమిదేళ్ళు అదే ఇంట్లో ఆ మాటని దాచుకున్న మనిషి వైపు నేను మొదటిసారి తిన్నగా చూశాను. ముసలితనం ఎప్పుడొచ్చిందో తెలియలేదు. నా ఐదు వారాలు, ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ళు. రెండూ ఒకే తాను ముక్కలు.

బేబి అక్క వాళ్ళ అమ్మగారు, ఇద్దరు పక్కింటి వాళ్ళు వాకిట్లో ఉన్నారు. వాళ్ళు లేవబోతే అత్తయ్యగారు, "మీరూ ఉండండమ్మా," అన్నారు. నిలబడే చెప్పారు. "మీ పిల్లలో ఏ లోపమూ లేదు. లోపం మావాడిది. నాకు వాడు పుట్టిన్నాటి నుంచీ తెలుసు." బేబి అక్క వాళ్ళమ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బేబి అక్క మాత్రం లోపలి నుంచి కుర్చీ తెచ్చి ఆవిడకి వేసింది, మంచినీళ్ళిచ్చింది. తరవాత అంది. "చెప్పేరు, చాలండి. చెబితే వస్తాననే అన్నాను గాని, నేను రానండి."

రాలేదు కూడా. ఇంటరు చదివింది కాబట్టి రాజోలులో ఒక స్కూల్లో యూకేజీ పిల్లలకి టీచరుగా చేరింది. విడాకులు అడగలేదు. బావగారు ఆదివారాలు వెళ్ళి వాళ్ళ వరండాలో కాసేపు కూర్చుని వచ్చేవారు. నేను ఉద్యోగం మానేస్తానేమోనని అందరూ అనుకున్నారు. మానలేదు. రత్నాన్ని పొద్దున్న కొన్ని గంటలు మా ఆయనే చూసుకోవాలని చెప్పాను. "లారీలు ఎవరు చూస్తారు?" అన్నారాయన. "మీరే చూడండి, వీణ్ణి ఒళ్ళో పెట్టుకుని," అన్నాను. మొదట్లో సణిగారు. తరవాత వాడికి నీళ్ళు పోయడం కూడా నేర్చుకున్నారు. గీజరు నీళ్ళు, ఐదు నిమిషాల్లో అయిపోయేది. పొగా లేదు, ఎదురు కూర్చునే మనిషీ లేదు. ఆ ఏడు పదో తరగతికి ప్రత్యుత్పత్తి పాఠం బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పాను. వెనక బెంచీలు నవ్వాయి. అవి నవ్వడం ఆపే దాకా ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

మొన్న మాఘమాసంలో మా వీధి చివర ఇంటావిడ వచ్చింది. కూతురికి పెళ్ళయి మూడేళ్ళయిందట, ఇంకా ఏమీ లేదట, అత్తవారింట్లో మాటలు మొదలయ్యాయట. "మీ పెద్ద కోడల్ని ఏ ఆసుపత్రిలో చూపించేరండి? మా అమ్మాయిని తీసుకెళ్దామని," అంది అత్తయ్యగారితో. నేను ఏదో చెప్పబోయాను. అత్తయ్యగారు చేటలో బియ్యం చెరుగుతున్నారు. చెరగడం ఆపలేదు, తలెత్తలేదు.

"అమ్మాయిని ఆనక తీసుకెళ్దువుగాని," అన్నారు. "ముందు అల్లుణ్ణి తీసుకెళ్ళు."

ఆ ఇంటావిడ వెళ్ళిపోయాక నేను బేబి అక్కకి ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల పిల్లల అల్లరి, ఎవరో బల్ల మీద కొడుతున్న చప్పుడు వినబడుతున్నాయి.

"నిజంగా ఆవిడేనా అన్నది?" అంది.

"ఆవిడే అక్కా."

"చాలా ఆలస్యం చేసేరు," అంది బేబి అక్క. తరగతిలో పిల్లల్ని కూర్చోమని కేకేసి, "ఆదివారం రత్నాన్ని తీసుకురా. ఆవిణ్ణి కూడా తీసుకురా, భోజనానికి," అంది.